గుర్తులు గీసే అమ్మాయి లెక్కలు చదవాలా, డిజైన్ చదవాలా?

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. లెక్కల్లో మొదటినుంచీ ముందే ఉంది. కానీ ఏడాదిగా నోట్సు మార్జిన్ల నిండా త్రిభుజాలు, చుట్లు, తను సొంతంగా కనిపెట్టిన గుర్తులు. కవితలు రాసి వాటిని నిచ్చెనలాగా, అలలాగా పేజీ మీద పేరుస్తుంది. బయటికెళ్తే ప్రతి బోర్డు దగ్గరా ఆగి చూస్తుంది. కొందరు లెక్కలే చదివించమంటున్నారు. కొందరు యూఐ, యూఎక్స్ డిజైన్‌కి, అంటే యాప్‌లు, వెబ్‌సైట్ల తెరలు రూపొందించే పనికి, స్కోప్ ఉందంటున్నారు. మొన్న కోపంలో తన నోట్‌బుక్ ఒకటి తీసి బీరువాలో పెట్టేశాను. రెండు దారులనీ పోల్చి ఏది మంచిదో చెప్పగలరా? – ఒక తల్లి

జవాబు:

అమ్మా, మీరు అడిగింది రెండు కోర్సుల పోలిక. మీ ఉత్తరం నిండా ఉన్న టెన్షన్ మాత్రం వేరు. లెక్కలూ పూర్తిగా పట్టక, బొమ్మలూ పూర్తిగా రాక, పిల్ల రెంటికీ చెడ్డ రేవడి అవుతుందేమోనని మీ భయం. ఇదే భయంతో నాకు ఏటా ఉత్తరాలు వస్తుంటాయి. అందుకే ముందు దాని సంగతి మాట్లాడతాను. ప్రవేశ పరీక్షలు, అర్హత మార్కులు మీరు ఈపాటికే చూసి ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను.

మార్జిన్లో బొమ్మలు, సొంత గుర్తులు, పేర్చిన కవితలు, బోర్డుల పరిశీలన అని మీరు నాలుగు అలవాట్లు రాశారు. నాకు కనిపిస్తున్నది ఒక్కటే అలవాటు. ఒక ఆకారం అర్థాన్ని ఎలా మోస్తుందన్న దాని మీదే ఆ పిల్ల ధ్యాసంతా ఉంది. సమానం గుర్తునే తీసుకోండి. 1557లో రాబర్ట్ రెకార్డ్ అనే వైద్యుడు, ఆయనే గణితవేత్త కూడా, 'దీనికి సమానం' అని పదే పదే రాసే శ్రమ తప్పించుకోవడానికి రెండు సమాంతర గీతలు గీశాడు. ఒకే పొడవున్న జంట గీతలకంటే సమానమైనవి ఇంకేముంటాయి అన్నది ఆయన చెప్పుకున్న కారణం. అప్పట్లో ఆ గీతలు చాలా పొడుగ్గా ఉండేవి, వాడగా వాడగా ఇంతకి కుదించుకుపోయాయి. ఆ గుర్తులో లెక్క ఉంది, బొమ్మ ఉంది, కవులు వాడే ఉపమానం లాంటిదీ ఉంది. వీటిని విడదీసి మీ అమ్మాయిని ఏదో ఒకటి ఎంచుకోమంటే తను ఏం చెప్పగలదు?

కవితని నిచ్చెనలా పేర్చడం మీకు వింతగా తోచింది. సంస్కృతంలో భారవి కిరాతార్జునీయం పదిహేనో సర్గలో అక్షరాల్ని గళ్లలో పేర్చి, ఎటునుంచి చదివినా అదే శ్లోకం వచ్చేలా రాశాడు. దాన్ని సర్వతోభద్రం అంటారు. ఇంగ్లిష్ కవి జార్జ్ హెర్బర్ట్ కవిత ఒకటి 1633లో రెక్కల ఆకారంలో అచ్చయింది. పంక్తులు సన్నబడేచోట మనిషి దిగజారడం, వెడల్పయ్యేచోట మళ్లీ ఎగరడం అందులో విషయం. మీ అమ్మాయికి వీళ్లెవరూ తెలియకపోవచ్చు. తనంతట తాను వాళ్ల దారిలోకి వచ్చిందంటే నాకు సంతోషంగా ఉంది.

బోర్డుల సంగతీ అంతే. చాలా దేశాల్లో 'ఆగు' బోర్డు ఎనిమిది మూలలతో ఉంటుంది. ఎదుటివాళ్లకి పెట్టిన బోర్డుని వెనకనుంచి చూసినా, మంచు కప్పేసి అక్షరాలు కనబడకపోయినా, అదేమిటో అంచులే చెప్పేస్తాయి. ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టిన ఆకారం అది. మీ అమ్మాయి ఆ ఆలోచనని చదువుతోంది.

ఇక నోట్‌బుక్ విషయం. చదవగానే నాకు కోపం వచ్చింది, దాచను. బీరువాలో పెట్టేముందు దాన్ని తెరిచి చూశారా? అందులో ఏముందో ఒక్క మాట కూడా రాయలేదు కాబట్టి చూడలేదనే అనుకుంటున్నాను. తను ఏడాదిపాటు ఇష్టంగా చేసిన పనిని మీరు చూడకుండానే తీర్పు ఇచ్చేశారు. మార్కులు తగ్గాయా అంటే అదీ లేదు, 'లెక్కల్లో ముందే ఉంది' అని మీరే రాశారు. మరి ఆ శిక్ష దేనికి? ఇలా చేస్తే పిల్లలు గీయడం మానరు, మీకు చూపించడం మానేస్తారు. రేపు కోర్సు ఎంచుకునే రోజున తను మీతో మనసువిప్పి మాట్లాడాలంటే ఆ తలుపు ఇవాళ మీరు మూయకూడదు.

మీ భయానికి జవాబుగా ఒక సంగతి చెప్తాను. ఒకే ఆకారపు పలకలతో నేలంతా ఖాళీ లేకుండా పరిచినా, ఎలా పేర్చినా మొత్తం అమరిక మాత్రం ఒకే క్రమంలో మళ్లీ మళ్లీ రాకూడదు. అలాంటి ఒంటరి ఆకారం ఉందా అని గణితవేత్తలు దశాబ్దాలు వెతికారు. 1960ల్లో రాబర్ట్ బెర్గర్‌కి ఇలా తిరిగిరాని అమరిక సాధించడానికి 20,426 రకాల పలకలు కావలసి వచ్చాయి. 1970ల్లో రోజర్ పెన్‌రోజ్ రెండు రకాలకి తెచ్చాడు. ఆ ఒక్క పలక 2022 చివర్లో దొరికింది. కనిపెట్టిన డేవిడ్ స్మిత్ ప్రింటింగ్ రంగంలో పనిచేసి రిటైరైన మనిషి, ఆకారాలతో ఆడుకోవడం ఆయన సరదా. పదమూడు అంచుల ఆకారం ఒకటి కాగితంలో కత్తిరించి, పక్కపక్కన పేర్చుకుంటూ పోతే అమరిక తిరిగి రావడం లేదని గమనించాడు. దాన్ని రుజువు చేయడానికి గణితం, కంప్యూటర్ తెలిసిన ముగ్గురు ఆయనతో కలిశారు. 2023 మార్చిలో నలుగురి పేర్లతో ఆ పత్రం వెలువడింది. చేత్తో కాగితం కత్తిరించే ఓపిక, రుజువు రాసే పట్టు రెండూ లేకపోతే ఆ పని తెమిలేది కాదు.

ఇంకొకరు ఎషర్, డచ్ చిత్రకారుడు. స్కూల్లో ఆయనకి లెక్కలు రాలేదు, చివరి పరీక్ష కూడా తప్పాడు. 1958లో జ్యామితి పండితుడు కాక్సెటర్ పంపిన వ్యాసంలో మాటలేవీ అర్థం కాకపోయినా అందులోని ఒక్క బొమ్మని పట్టుకుని, వలయం అంచుకి పోయేకొద్దీ చిన్నవైపోయే చేపల్ని చెక్కాడు. ఆ వరుసలో ఒక చిత్రాన్ని కాక్సెటర్ తర్వాత లెక్కగట్టి చూస్తే మిల్లీమీటరు వరకూ సరిపోయింది.

వీళ్లని చూపించి మీ అమ్మాయి కూడా ఇంతవుతుందని చెప్పడం లేదు. రెండిటి మధ్య నిలబడినవాళ్లకి చోటు ఉందని చెప్తున్నాను. ఆ చోటు మామూలు ఉద్యోగాల్లోనూ ఉంది. ఫాంట్లు తయారుచేసేవాళ్లు, మ్యాపులు గీసేవాళ్లు, కంప్యూటర్ గ్రాఫిక్స్ రాసేవాళ్లు, ఆసుపత్రుల్లో, విమానాశ్రయాల్లో దారి చూపే గుర్తులు రూపొందించేవాళ్లు రోజూ అక్కడే పనిచేస్తున్నారు. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ అక్షరాల వంపులే చూడండి. ఫాంట్లలో వాటిని నిర్దేశించే వక్రరేఖలు ఒకప్పుడు కార్ల బాడీ గీయడానికి పుట్టాయి. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో 1959లో, ఆ తర్వాత రెనోలో పియేర్ బెజియే వాటిమీద పనిచేశారు. 'ప' కింద 'ర' ఒత్తు ఎంత దూరంలో కూర్చుంటే కంటికి ఇంపుగా ఉంటుందో తేల్చేవాళ్లకి ఆ సమీకరణాలూ తెలియాలి, కన్నూ ఉండాలి.

ఇప్పుడు యూఐ, యూఎక్స్ సంగతి. 'స్కోప్ ఉంది' అని మీకు చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు. ఆ పని నిజంగానే ఉంది, దాన్ని బాగా చేసేవాళ్లంటే నాకు గౌరవం. నా అనుమానమంతా ఆ పేరుతో అమ్ముతున్న పొట్టి కోర్సుల మీద. నాలుగైదు నెలల్లో డిజైనర్ని చేస్తామంటారు. నేర్పేది ఎక్కువగా ఒక సాఫ్ట్‌వేర్, దానికి తోడు అందరూ చేసే అవే ప్రాజెక్టులు. అవి పూర్తిచేసి నా దగ్గరికొచ్చిన పిల్లల పోర్ట్‌ఫోలియోలు వరసగా పెట్టి చూస్తే ఏది ఎవరిదో చెప్పలేను. అవే గుండ్రటి బటన్లు, అదే టాక్సీ యాప్. 'ఈ గుర్తు ఇలాగే ఎందుకుండాలి?' అని అడిగితే 'ఇప్పుడు ట్రెండ్ ఇదే' అంటారు. ఒకప్పుడు ఫ్లాష్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే తిరుగులేదన్నారు. 2020 డిసెంబరుతో దానికి సపోర్టే ఆగిపోయింది. ఇప్పుడు ఒక వాక్యం రాస్తే చాలు, లోగోలు పది తయారుచేసిచ్చే ఏఐ వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఒక్కటే నేర్చుకున్న పిల్లకి అది గట్టి పోటీ.

నిలబడేదేమిటో చెప్పమంటే హారీ బెక్ మ్యాపు చూపిస్తాను. లండన్ భూగర్భ రైళ్ల మ్యాపుని ఆయన ఖాళీ వేళల్లో గీశాడు, 1933లో అచ్చయింది. ఆయన వృత్తి ఇంజనీరింగ్ డ్రాయింగులు గీయడం. రైల్లో కూర్చున్న మనిషికి దూరాలతో పనిలేదు, ఏ స్టేషన్ తర్వాత ఏది వస్తుంది, ఎక్కడ మారాలి అన్నవి తెలిస్తే చాలని గ్రహించాడు. వంకర దారుల్ని అడ్డం, నిలువు, ఏటవాలు గీతలుగా మార్చేశాడు. దూరాన్ని వదిలి కలయికని ఉంచడం గణితంలో టోపాలజీ చేసే పని. ఒక ఊళ్లోని ఏడు వంతెనల్నీ ఒక్కోటి ఒక్కసారే దాటి తిరగ్గలమా అన్న చిక్కుముడిని 1736లో ఆయిలర్ అనే గణితవేత్త విప్పినప్పుడు చేసిందీ అదే. సాఫ్ట్‌వేర్లు ఎన్ని మారినా రైలు మ్యాపులు ఇప్పటికీ బెక్ దారిలోనే వస్తున్నాయి. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న ఆ ఆలోచన మీ అమ్మాయిలో ఇప్పటికే మొలకెత్తింది. దాన్ని పొట్టి కోర్సుకి అప్పగించకండి.

పోలిక విషయానికొస్తే, లెక్కల డిగ్రీ చదువుతూ గీత కొనసాగించడం సాధ్యమే, తర్వాత డిజైన్‌లోకి మారినవాళ్లని చూశాను. లెక్కలు పూర్తిగా వదిలేసి నాలుగేళ్ల తర్వాత మళ్లీ పట్టుకున్నవాళ్లు నాకు చాలా తక్కువమంది తారసపడ్డారు. అదే సమయంలో, నలుగురి ముందు పని పెట్టి విమర్శ వినడం మంచి డిజైన్ స్కూల్లో దొరికినట్టు ఇంకెక్కడా దొరకదు. పూర్తి కాలం డిజైన్ డిగ్రీ అయితే నాకే అభ్యంతరమూ లేదు, గణితం ఎంపికగానైనా ఉంటే చాలు. ఇంతకుమించి మీ తరఫున నేను తేల్చను. ఈ ఏడాది మీరే గమనించండి: ఒక రుజువు కుదరకపోతే తను రాత్రి మళ్లీ దానిదగ్గరికి వెళ్తోందా, ఒక గుర్తు నచ్చకపోతే ఇరవైసార్లు తిరగ్గీస్తోందా. ఏ కష్టాన్ని తను విసుక్కోకుండా పడుతోందో ఆ వైపు మొగ్గండి. రెండూ చేస్తుంటే లెక్కలతో మొదలుపెట్టించండి, తొందర లేదు. రీసైక్లింగ్ గుర్తులోని మూడు బాణాలు గీసిన గ్యారీ ఆండర్సన్‌కి అప్పుడు ఇరవై మూడేళ్లు. 1970లో పోటీకి పంపినప్పుడు ఆయన ఆర్కిటెక్చర్ విద్యార్థి, బాణాలు మెలితిరగడానికి ఆధారం గణితంలోని మోబియస్ పట్టీ, అంటే ఒక మెలి తిప్పి చివరలు అతికించిన పట్టీ.

బీరువా తాళం ఇవాళే తీయండి. నోట్‌బుక్ ఇచ్చేటప్పుడు పక్కన కూర్చుని, ఏదో ఒక పేజీలో గుర్తుని చూపించి 'ఇది ఇలా ఎందుకు గీశావు?' అని అడగండి. తను చెప్పడం మొదలుపెట్టాక మార్కుల మాట, కోర్సుల మాట ఎత్తకండి. తను ఏం చెప్పిందో నాకు రాయండి. తర్వాతి ఉత్తరంలో కాలేజీల గురించి అక్కడినుంచే మొదలుపెడదాం.