సెన్సర్ పొర సంగతి సరే, నాన్నగారు మింగుతున్న గోలీలేంటి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. నాన్నకు 58 ఏళ్లు, 12 ఏళ్లుగా షుగర్. పగలు గోలీలు, రాత్రి ఇన్సులిన్. రెండు నెలలుగా చేతికి షుగర్ సెన్సర్ పెడుతున్నాం. అర్ధరాత్రి దాటాక 56, 60 అని అలారం మోగుతుంది, వేలికి గుచ్చి చూస్తే 98 ఉంటుంది. భయపడి ఐదు రోజులుగా రాత్రి ఇన్సులిన్ మానేశారు. ఇప్పుడు పొద్దున 280 దాటుతోంది. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఇచ్చే గోలీలు వాడతారు. నేను బయోమెడికల్ ఇంజినీరింగ్ చదువుతున్నాను. సెన్సర్ మీది పొర ఒంటికి పడకే తప్పు చూపిస్తోందా? చర్మం కింద ఏడాది పాటు ఉంచే సెన్సర్ పొర ఇంతకంటే మంచిదా?

జవాబు: ఓపీ మధ్యలో రాస్తున్నానమ్మా, అందుకే ముందు తొందరగా చేయాల్సింది చెప్తాను. మీరు అడిగింది పొర గురించి. నా కళ్లు మాత్రం రెండు మాటల దగ్గర ఆగిపోయాయి: ఐదు రోజులుగా ఇన్సులిన్ లేదు, ఊళ్లో ఇచ్చే గోలీలు వాడుతున్నారు. ఇన్సులిన్ రాసిచ్చిన డాక్టర్‌తో ఇవాళే మాట్లాడండి, వచ్చే సోమవారం దాకా ఆగొద్దు. వాంతులు, విపరీతమైన దాహం, ఆయాసం, మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా ఫోన్లు చేస్తూ కూర్చోకుండా నేరుగా దవాఖానకు తీసుకెళ్లండి. డోసు ఎంతో ఇక్కడి నుంచి నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే ఆయన క్రియాటినిన్ పరీక్షలో ఎంత వచ్చిందో నాకు తెలియదు.

రాత్రి అలారానికి వస్తే, నాన్నగారు ఏ పక్కకు తిరిగి పడుకుంటారో చూశారా? సెన్సర్ ఉన్న చేయి ఒంటి కింద నలిగితే అక్కడి కణజాలానికి రక్తం, దాంతో గ్లూకోజ్ సరిగా అందవు, సెన్సర్ తన చుట్టూ ఉన్నదాన్నే కొలుస్తుంది కాబట్టి ఉన్నట్టుండి తక్కువ చూపిస్తుంది. మొన్నామధ్య ఒక పెద్దాయన భార్య ఫోన్‌లో గ్రాఫ్ తెరిచి చూపించింది, రాత్రి రెండింటికి గోడ కూలినట్టు కిందికి పడి, మూడు దాటాక అంతే నిటారుగా పైకి లేచింది. "ఆ టైముకే ఎడమ పక్కకు ఒత్తిగిలుతాడు సారూ" అన్నది. సెన్సర్ ఆ ఎడమ చేతికే ఉంది. నిజంగా షుగర్ పడితే గీత సాధారణంగా అంత నిట్టనిలువుగా ఉండదు. మీ నాన్నగారి గ్రాఫ్ నేను చూడలేదు, కాబట్టి ఇదే కారణమని ఖాయంగా అనను, కానీ వేలి రక్తంలో 98 ఉందంటే నా అనుమానం అటే. అలాగని ప్రతి అలారాన్నీ కొట్టిపారేయొద్దు. చెమటలు, వణుకు, మాట తడబడటం ఉంటే పరీక్ష కోసం కూడా ఆగకండి, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక పొర. మీరు చదువుకుంటున్నారు కాబట్టి రెండు మాటలు ఎక్కువే చెప్తాను. చాలా సెన్సర్లలో పనిచేసేది గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్, క్లార్క్, లయన్స్ అనే పరిశోధకులు 1962లో చెప్పిన ఆలోచన అది. దానికి గ్లూకోజ్‌తో పాటు ఆక్సిజన్ కావాలి, కానీ చర్మం కింద ఆక్సిజన్ చాలా తక్కువ, గ్లూకోజేమో దండిగా ఉంటుంది. అందుకే పై పొర గ్లూకోజ్‌ను కొద్దికొద్దిగా, ఆక్సిజన్‌ను ధారాళంగా పోనిస్తుంది. లోపలి పొర పారాసిటమాల్, విటమిన్ సి, యూరిక్ యాసిడ్ లాంటివి కరెంటు సంకేతాన్ని పట్టే ఎలక్ట్రోడ్‌కు తగలకుండా ఆపాలి, అన్ని రకాల సెన్సర్లలో ఆ పని పూర్తిగా జరగదు. కొన్నింటిలో పారాసిటమాల్ వేసుకున్నాక, మరికొన్నింటిలో పెద్ద డోసు విటమిన్ సి గోలీలు మింగాక షుగర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, అది నమ్మి ఇన్సులిన్ పెంచితే ప్రమాదం. (బత్తాయి పండు గురించి కాదు నేను చెప్పేది.) మీ పెట్టెలోని కాగితం మీద ఏ మందులు పడవో రాసి ఉంటుంది, చదవండి.

పొర ఎంత మంచిదైనా శరీరానికి అది పరాయి వస్తువే. గంటల్లోనే ప్రొటీన్లు అంటుకుంటాయి, తర్వాత కణాలు చుట్టుముడతాయి, వారాలు గడిచేసరికి పీచులాంటి కణజాలం కమ్మేస్తుంది, గ్లూకోజ్ లోపలికి రావడం ఆలస్యమవుతుంది. పైన అతికించే సెన్సర్లను పది, పదిహేను రోజులకు మార్చమనడానికి ఇదీ ఒక కారణం. మీరు అడిగిన ఏడాది సెన్సర్ వేరే రకం, అందులో ఎంజైమ్ ఉండదు, వెలుగుతో కొలుస్తుంది. అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2018లో 90 రోజులకు, 2024లో ఏడాదికి అనుమతిచ్చింది. దాన్ని పెట్టడానికీ తీయడానికీ చిన్న కోత కావాలి. ఒత్తిడి పడితే అదీ తప్పు చూపించవచ్చు, కాబట్టి మీ సమస్యకు అది మందు కాదు.

ఆ సెన్సర్‌కు ఒక చిన్న రింగు ఉంటుంది, చుట్టూ వాపు రాకుండా అందులోంచి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ బొట్టుబొట్టుగా అక్కడికక్కడే ఊరుతుంది. ఎందుకు చెప్తున్నానంటే, అదే డెక్సామెథసోన్ మన ఊళ్లలో కాగితం పొట్లంలో దొరుకుతోంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు, మోకాళ్లు పట్టేసిన జిల్లా మనది, నొప్పి ఎంత బాధో రోజూ చూస్తున్నాను, ఆ గోలీ వేసుకుంటే రెండు గంటల్లో లేచి పొలానికి పోవచ్చని ఎందుకు ఆశపడతారో కూడా తెలుసు. కానీ పొట్లం విప్పితే తెల్లవి రెండు, గులాబీది ఒకటి, పేరుండదు, మందుల షాపులో ఇచ్చే స్ట్రిప్ ఉండదు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే షుగర్ అమాంతం పెరుగుతుంది, పొద్దుటి 280లో ఇన్సులిన్ ఆపడంతో పాటు దాని వాటా కూడా ఉండొచ్చు. నొప్పి గోలీలైతే కిడ్నీల మీద పడతాయి, కిడ్నీ దెబ్బతింటే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి షుగర్ నిజంగానే పడిపోతుంది. సెన్సర్ పొర గురించి ఇంత లోతుగా చదివిన మీరు ఆ గోలీల పేర్లు కూడా అడిగి ఉండాల్సిందమ్మా.

అలాగని ఇది చదివి వాటినీ ఒక్కసారిగా ఆపేయకండి. నెలల తరబడి స్టెరాయిడ్ వాడి ఉన్నట్టుండి మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు, డాక్టర్ చూసి మెల్లగా తగ్గించాలి. సెన్సర్ కింద చర్మం ఎర్రబడి దురద పెడితే చాలాసార్లు అది జిగురు పడకపోవడమే, చీము, వేడి, నొప్పి ఉంటే చూపించండి.

ఈలోపు సెన్సర్ రెండో చేతికి మార్చి, రాత్రి అలారం మోగినప్పుడల్లా వేలి రక్తంతో సరిచూసి టైము వేసి రాసిపెట్టండి. క్రియాటినిన్, గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించాలి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ రాసిన కాగితం, గ్రాఫ్ ఉన్న ఫోన్, గోలీల పొట్లం మూడూ తీసుకెళ్లండి, పొట్లంలో ఒక్క గోలీ మిగిలినా సరే.