సర్వేయర్ ట్రైనీకి చట్టం ఎంత తెలియాలి? నా 19 ప్లాట్ల అనుభవం

అడిగిన ప్రశ్న: "సివిల్ డిప్లొమా అయింది. హైదరాబాద్ శివార్లలో లేఅవుట్లు వేసే కంపెనీలో సర్వేయర్ ట్రైనీగా చేరుతున్నా. ప్లానింగ్ రూల్సు, భూమి చట్టాలు ఎంతవరకు చదవాలి? ఎల్‌ఎల్‌బీ చేస్తే మంచిదా?"

ఎల్‌ఎల్‌బీ అక్కర్లేదు తమ్ముడూ. ఉన్న లాయర్లు చాలు. నా సంగతి చెప్తా, ఎంత చదవాలో నువ్వే తేల్చుకో.

2019 ఏప్రిల్. నేను ట్రైనీగా చేరి మూడు నెలలు. 6 ఎకరాల 12 గుంటల పట్టా భూమి కొలవమని పంపారు. పాస్‌బుక్ ఉంది, ఈసీ (భూమి మీద అప్పులు, పాత లావాదేవీలు చూపే కాగితం) క్లీన్, 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల పట్టీ) ఆ సర్వే నంబర్ లేదు. లాయర్ ఒపీనియన్ కూడా వచ్చేసింది. హద్దురాళ్లు నాలుగూ దొరికాయి. టోటల్ స్టేషన్‌తో (కోణాలు, దూరాలు కొలిచే పరికరం) చుట్టూ తిరిగొస్తే తేడా సెంటీమీటర్ లోపే తేలింది. మీసం లేదు గానీ ఉంటే మెలేసేవాణ్ణే.

మేకలు కాసే పెద్దాయన ఒకాయన పొద్దున్నుంచీ చూస్తున్నాడు. చివరికి దగ్గరికొచ్చి, "ఏం కొలుస్తున్నవ్ బిడ్డా?" అన్నాడు.

"ప్లాట్లు పడతాయి తాతా."

"గీడనా? అలుగు దుంకితే నీళ్లు ఆ తుమ్మచెట్టు దాకా వస్తయ్ గదా!"

తుమ్మచెట్టు వైపు చూశా. ఎండకి నోళ్లు తెరిచిన నల్లరేగడి, పీకేయని పత్తికట్టె. నీటి జాడ లేదు. కింద ఒక చిన్న కుంట ఉందని తెలుసు, అదీ ఎండిపోయే ఉంది. తాతకి పొద్దుపోక మాట్లాడుతున్నాడనుకుని, ప్రిజం పట్టుకున్న కుర్రాణ్ణి ఇంకో రెండడుగులు జరగమన్నా. ప్లాన్‌లో 82 ప్లాట్లు వచ్చాయి.

నెలన్నర తర్వాత ఇరిగేషన్, రెవెన్యూ వాళ్లు జాయింట్ ఇన్‌స్పెక్షన్‌కి వచ్చారు. నా ప్లాన్ వంక కన్నెత్తి చూడలేదు. నేరుగా కట్ట మీదికి నడిచి, అలుగు రాయి మీద స్టాఫ్ (అంకెల గీతలున్న కొలత కర్ర) నిలబెట్టి లెవెల్ తీశారు. ఆ ఎత్తు పొలంలో ఎక్కడెక్కడ తగులుతుందో వెతుక్కుంటూ సున్నం చల్లుకుంటూ వచ్చారు. కుంట నిండి అలుగు పారే మట్టమే ఎఫ్‌టీఎల్. నీళ్లు ఈ రోజు ఎక్కడున్నాయన్నది లెక్కలోకే రాదు. ఆ తెల్లగీత నేను పాతిన మేకుల మధ్యనుంచి వంకర్లు తిరుగుతూ పోయి తుమ్మచెట్టు మొదలుని ఆనుకుని ఆగింది. పది హెక్టార్లలోపు కుంట కాబట్టి అక్కణ్ణుంచి ఇంకో 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా. అది 2012 నాటి భవన నిర్మాణ రూల్సు, జీవో 168లోనే ఉంది. అదే పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే 30 మీటర్లు. 19 ప్లాట్లు పోయాయి.

మా సార్ అరవలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. "అడుగులు బాగానే కొలిచావు, అడగడమే రాలేదు" అన్నారంతే.

ఆఫీసుకొచ్చి 1954-55 ఖాస్రా పహాణీ (పాత భూమి రికార్డు) తీయించి చూస్తే ఆ భూమిలో కొంత భాగం శిఖం పట్టా (చెరువు నిండితే మునిగే పట్టా భూమి) అని స్పష్టంగా ఉంది. అంటే పట్టా దొంగది కాదు. భూమి ముమ్మాటికీ రైతుదే. నీళ్లు దిగాక సాగు చేసుకుంటాడు, ఇల్లు మాత్రం కట్టకూడదు. కొన్నవాడికీ వచ్చేది ఆ హక్కే. లాయర్ చూసింది ఎవరిదని, నేను కొలిచింది ఎంతని. అక్కడ ఏం చేయనిస్తారని ఎవరం చూడలేదు. నువ్వు చదవాల్సింది ఆ మూడోది. సెక్షన్ నంబర్లు బట్టీ పట్టి ఏం లాభం?

అన్నట్టు, ట్రైనింగ్ సెంటర్లు మరీ అన్యాయం. డ్రోన్ ఎగరేయడం నేర్పుతారు, టిప్పన్ (సర్వే నంబర్ పాత కొలతల పటం) చదవడం నేర్పరు. కాలేజీలో గంటర్ గొలుసు 66 అడుగులని చెప్పారు కదా. పాత తెలంగాణ టిప్పన్‌లో గొలుసు 33 అడుగులు, దానికి 16 ఆనాలు. 33 అడుగుల చదరమే గుంట, 121 గజాలు. ఈ ముక్క తెలియక 66తో లెక్కేసి, పొలం కాగితం మీద నాలుగింతలైతే రికార్డే తప్పని వాదించినవాణ్ణి చూశా. (నేనే.) "నాలా చేయించాలి" అంటే మురికికాలువ పనేమో అనుకున్న రోజులూ ఉన్నాయి. అది సాగుభూమిని వ్యవసాయేతర భూమిగా మార్పించుకోవడం.

బండ్లబాటల దగ్గర కూడా జాగ్రత్త. కాగితంలో దారి లేకపోయినా, పక్క రైతు 20 ఏళ్లు అడ్డూ ఆపూ లేకుండా, హక్కుగా అందులోంచే నడిచి ఉంటే ఈజ్‌మెంట్ (పక్కవాడి భూమిలోంచి నడిచే హక్కు) కింద అడగగలడు. అందుకే నేను ఇప్పుడు పొలంలో దిగగానే బండి చక్రాల గాడి వెతుకుతా, ఇన్‌స్ట్రుమెంట్ తర్వాత. వాట్సాప్‌లో బ్రోకర్ పంపిన లొకేషన్ పిన్ చూసి హద్దు నమ్మేవాళ్లకి నేనేమీ చెప్పలేను.

ఇక అసలు మంట. ప్లాన్ శాంక్షన్ కాకముందే బ్రోషర్లు కొట్టించేస్తారు. 500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టుకి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. 2016 చట్టం ఆ మాట సూటిగానే చెప్పింది. అయినా "ప్రీలాంచ్ ఆఫర్" అని పేరుపెట్టి తీసుకుంటారు. మా 19లో నాలుగింటికి అప్పటికే అడ్వాన్సులొచ్చాయి. డబ్బు తిరిగిచ్చే రోజు ప్లాన్ చూపించి సర్దిచెప్పే పని ట్రైనీనైన నాకే పడింది. రిటైరైన మాస్టారొకాయన కళ్లజోడు సర్దుకుని ప్లాన్ మీద నేను గీసిన ఎర్రగీతని వేలితో తడుముతూ, "పట్టా ఉందన్నారు కదా బాబూ?" అన్నారు. ఉందండీ అన్నా. "మరి?" అన్నారు. ఆ రోజు శిఖం పట్టా సంగతి ఆయనకి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు గంట పట్టింది, అప్పటికి నాకే సగం తెలుసు.