ఉద్దానం వైపు వాళ్లు మోకాళ్ల నొప్పికి రోజూ నొప్పి బిళ్ల వేసుకోవచ్చా?

సోంపేట దగ్గరుండే అరవై ఏళ్ల అమ్మకి మోకాళ్ల నొప్పులని, రోజూ డైక్లోఫెనాక్ అనే నొప్పి బిళ్ల వేస్తే ఫర్వాలేదా, కీళ్లకని అమ్మే గ్లూకోసమైన్ కొనాలా అని ఒకరు అడిగారు. గ్లూకోసమైన్ డబ్బులు కమోడ్ కుర్చీకి పెట్టండి, ఎక్కువ ఉపయోగం. డైక్లోఫెనాక్‌తోనే అసలు పేచీ.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, కంచిలి, సోంపేట, పలాస వైపు, కిడ్నీ జబ్బు ఎక్కువ. అక్కడివాళ్లు సీరం క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూపించుకోకుండా నొప్పి బిళ్ల ముట్టుకోకూడదు. కిడ్నీకి రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లను ఈ మందులు ఆపేస్తాయి. ఉభాల్లో, అంటే వరినాట్ల రోజుల్లో, ఎండకి ఒంట్లో నీరు తగ్గి, పైగా కొన్ని రకాల బీపీ బిళ్లలు కూడా వాడుతుంటే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణమే ఇంకా తేలలేదు, దానికి ఇదొకటి తోడెందుకు?

ఇక నొప్పులకని ఊళ్లో వైద్యం చేసేవాళ్లు ఇచ్చే మందుల పొట్లం. తెల్లది, పచ్చది, ఓ చిన్న గుండ్రటిది, పేరు లేని కాగితంలో చుట్టి ఇస్తారు. ఆ చిన్నది చాలాసార్లు డెక్సామెథసోనో ప్రెడ్నిసొలోనో, అంటే స్టెరాయిడ్ అయ్యుంటుంది. అందుకే రెండో రోజుకే ముసలమ్మ లేచి పొయ్యి దగ్గరికి పోతుంది, హస్తవాసి మంచిదని వీధంతా చెబుతుంది. నెలలు గడిచేసరికి ముఖం ఉబ్బి, షుగరు పెరిగి, ఎముకలు గుల్లబారతాయి. ఇప్పటికే వారాల తరబడి వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా మాన్పించకండి, బీపీ పడిపోవచ్చు. డాక్టరు చూస్తుండగా మోతాదు తగ్గిస్తూ ఆపాలి.

మోకాలి కీలు అరుగుదల అయితే పొద్దున్న బిగుసుకున్న కాళ్లు అరగంటలోపు సర్దుకుంటాయి. గంట దాటినా వదలక, రెండు చేతుల వేళ్ల కణుపులూ వాచి ఉంటే రుమటాయిడ్ (కీళ్లవాతం) అని అనుమానించాలి. దాని మందులే వేరు, ఆలస్యమైతే వేళ్లు వంకర్లు పోతాయి. మోకాలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరమొస్తే ఆ రోజే ఆసుపత్రి.

అరుగుదలకి ముందు బలపడాల్సింది తొడ కండరం. కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాపి, 5 సెకన్లు బిగబట్టి దించాలి. ఒక్కో కాలికి 10 సార్లు, రెండు పూటలా. తేడా తెలియడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది, మనవాళ్లు పదో రోజునే మానేస్తారు. కర్ర నొప్పి లేని వైపు చేత్తో పట్టాలి, చూస్తే అందరూ తిరగేసే పట్టుకుంటారు. గొంతుకూర్చుని జీడిపిక్కలు వలవడం, గిన్నెలు తోమడం మాన్పించి ఎత్తు పీట వేయండి. నొప్పి మరీ ఎక్కువైన రోజు పారాసిటమాల్ 650, రోజుకి మూడు దాటకుండా. డైక్లోఫెనాక్ జెల్ ఒంట్లోకి వెళ్లేది కొద్దిగానే కాబట్టి బిళ్ల కంటే నయం. క్రియాటినిన్ ఎక్కువుంటే అదీ డాక్టర్ని అడిగాకే.