సీసా అమ్మితే నీకు మిగిలేదెంత? పచ్చళ్ల వ్యాపారం పెట్టిన బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

రాజమండ్రి

చి. బుజ్జికి, పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. సంక్రాంతి వెళ్లాక నువ్వు ఫోన్ చేసి, "పెద్దమ్మా, ఈ నెల 150 సీసాలు వెళ్లాయి, 52,500 వచ్చాయి, 9,000 అద్దెకి ఒక గది చూశాను, ప్యాకింగ్ అక్కడికి మార్చేస్తాను" అన్నావు. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఆ వెంటనే "కానీ అకౌంట్లో చూస్తే డబ్బు కనపడట్లేదు, ఎటు పోతోందో తెలీట్లేదు" అన్నావు. ఆ మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. ఇలాంటివి ఫోన్లో చెబితే సగమే చెవిన పడతాయి. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నీ ప్రశ్నకి జవాబు. గది ఇప్పుడే వద్దు. ఎందుకంటున్నానో చూడు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన బిల్లులన్నీ ముందేసుకుని ఒక్క ఆవకాయ సీసాకి లెక్క కట్టాను. అరకిలో సీసా, డెలివరీ ఫ్రీ అని పెట్టి 350కి అమ్ముతున్నావు. అందులో జీఎస్టీ 5 శాతం కలిసే ఉంది, అంటే 17 రూపాయలు ప్రభుత్వానివి. కాయ, కారం, ఆవపిండి, నువ్వులనూనె, ఉప్పు, వెల్లుల్లి అన్నీ కలిపి 95. ముక్కలు కొట్టేవాళ్లకి, సీసాలు నింపే అమ్మాయికి కలిపి 20. సీసా, సీలు, లేబుల్‌కి 22, అట్టపెట్టె, బబుల్ కవర్‌కి 10. కొరియర్ 75. ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే వాళ్లు రెండు శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ తీసుకుంటే 8 రూపాయలు. ఇన్‌స్టా ప్రకటనలకి నెలకి 6,000 పెడుతున్నావు, 150 ఆర్డర్లకి పంచితే ఒక్కోదానికి 40. ఇదంతా 287 అయింది. మిగిలింది 63.

అక్కడితో అయిపోలేదు. 50 సీసాల్లో రెండు దారిలో కారాయని, మళ్లీ పంపానని చెప్పావు. మళ్లీ పంపిన ఒక్కో సీసాకి సరుకు, కూలి, ప్యాకింగ్, కొరియర్ కలిపి 222. రెండింటికి 444. దాన్ని 50 సీసాల మీద వేస్తే సీసాకి 9 పోయాయి. చివరికి నీ చేతిలో ఉన్నది 54 రూపాయలు. 150 సీసాలకి 8,100. ఇప్పుడు చెప్పు, 9,000 గది ఎలా తీసుకుంటావు? పొద్దున్న లేచిన దగ్గర్నుంచి నువ్వు పడే కష్టానికి జీతం ఇందులో ఇంకా వెయ్యనే లేదు.

బెంగ పడకు తల్లీ. డబ్బు ఎవరూ ఎత్తుకుపోలేదు. 52,500లో నీ వాటా ఎంతో తెలియక, అంతా నీదే అనుకుని వాడావు, అంతే. నేనూ అదే తప్పు చేశాను.

మీ పెదనాన్న కొట్టు చూసుకున్నన్నాళ్లూ గల్లాపెట్టెలో మూడు గుడ్డ సంచులు ఉండేవి. రాత్రి కొట్టు కట్టేముందు ఆ రోజు అమ్మకం లెక్కపెట్టి, కాయల డబ్బు ఒక సంచిలో, కారం-నూనె డబ్బు ఒకదానిలో, అద్దె-కూలీల డబ్బు ఇంకోదానిలో వేసి మూతి కట్టేవారు. మిగిలిన నోట్లు మాత్రమే ఇంటికి తెచ్చేవారు. ఎంత అవసరమొచ్చినా కాయల సంచి విప్పడం నేను చూడలేదు. ఆయన పోయాక నేను ఆన్‌లైన్‌లోకి వచ్చాను. సంచులు లేవు, అంతా ఒకే అకౌంట్. మొదటి ఏడాది చలికాలమంతా ఆర్డర్లే ఆర్డర్లు. ఫోన్ టింగుమన్నప్పుడల్లా లాభమే వచ్చిందనుకున్నాను. ఇంటికి రంగులు వేయించాను, మనవరాలికి గొలుసు చేయించాను. ఏప్రిల్ వచ్చేసరికి మార్కెట్లో కాయ దిగింది, నా దగ్గర కొనడానికి డబ్బు లేదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చాను. నెలకి 6,000 చొప్పున ఎనిమిది నెలలు కట్టాను. 48,000! నీ లెక్కలో చూస్తే దాదాపు 890 సీసాల మీద వచ్చే లాభం అది.

మన వ్యాపారానికి ఉన్న అసలు ఇబ్బంది ఇదే. చీరలవాళ్లు నెలనెలా సరుకు తెచ్చుకుంటారు. మనం కొత్త మిరప వచ్చినప్పుడు ఏడాదికి సరిపడా కారం పట్టించాలి, ఏప్రిల్, మే నెలల్లో కాయంతా కొనేయాలి. డబ్బంతా రెండు నెలల్లో జాడీల్లోకి పోతుంది, సీసా సీసాగా ఏడాదంతా వెనక్కి వస్తుంది. నీ అమ్మకాల్లో సగం ఆవకాయ, మాగాయే అనుకో, ఏడాదికి 900 సీసాలు. సీసాకి 95 చొప్పున 85,500 వేసవికి చేతిలో ఉండాలి. ఇప్పుడు ఎంత ఉంది? ఈ వారమే చూసుకో. తక్కువైతే వడ్డీ వ్యాపారి దగ్గరికి మాత్రం వెళ్లకు. బ్యాంకులో చిన్న వ్యాపారాలకి ఇచ్చే ముద్ర లోన్ అడుగు. 50,000 దాటి 5 లక్షల దాకా కిశోర్ అనే రకంలో తాకట్టు లేకుండా ఇస్తారు. దానికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకి ఉన్న ప్రభుత్వ నమోదు, పెట్టుకో, అది ఉచితం. కాగితాలకి నెలరోజులు పట్టొచ్చు, అందుకని ఏప్రిల్ దాకా ఆగకు.

సంచులు మళ్లీ మొదలుపెట్టు. వ్యాపారానికి వేరే అకౌంట్ తీసి, క్యూఆర్ కోడ్, గేట్‌వే అన్నీ దానికే కలుపు. ఇంటి కిరాణా, పిల్లాడి ఫీజు అందులోంచి ఒక్క రూపాయి కూడా కట్టకు. పక్కన ఇంకో పొదుపు ఖాతా ఉంచు. ప్రతి సోమవారం పొద్దున్న, కిందటి వారం ఎన్ని సీసాలు వెళ్లాయో చూసి, సీసాకి 95 సరుకు డబ్బు, 17 జీఎస్టీ డబ్బు అందులోకి మార్చెయ్. ఆ ఖాతాకి ఏటీఎం కార్డు తీసుకోకు. నీకోసం నెలకి ఒకే తారీఖున 4,000 జీతంగా తీసుకో. తక్కువేనని తెలుసు. లాభం పెరిగాక పెంచుకుందువు గానీ.

జీఎస్టీ నంబరు మొదట్లోనే తీసుకున్నావు, మంచిపని చేశావు. సరుకు పక్క రాష్ట్రానికి పంపితే అమ్మకం ఎంత చిన్నదైనా నంబరు ఉండాల్సిందే. నీకు హైదరాబాద్ నుంచి విజయవాడ కూడా ఇప్పుడు పక్క రాష్ట్రమే కదా. 2025 సెప్టెంబరు 22 నుంచి పచ్చళ్ల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది, నీ పాత బిల్లు ఫార్మాట్‌లో 12 ఉండిపోయిందేమో చూడు. నెలనెలా రిటర్నులు వేసేవాళ్లకి 11న అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 20న పన్ను కట్టే జీఎస్టీఆర్-3బీ. అమ్మకం లేని నెలలో కూడా వెయ్యాలి, ఆలస్యమైతే రోజుకి ఇంత అని లేట్ ఫీజు పడుతుంది. సీసాలు, పెట్టెలు, కొరియర్, ప్రకటనలు, వీటి బిల్లులన్నిటి మీదా నీ జీఎస్టీ నంబరు వేయించు, వాటి మీద కట్టిన పన్ను క్రెడిట్‌గా వస్తుంది, అంటే నువ్వు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గుతుంది. పెద్ద సైట్లలో అమ్మడం మొదలుపెడితే వాళ్లు జీఎస్టీ కింద 0.5 శాతం టీసీఎస్, ఆదాయపు పన్ను కింద 0.1 శాతం టీడీఎస్ పట్టుకుని మిగతాది ఇస్తారు. అది పోయిన డబ్బు కాదు, నీ పేరు మీద జమ అయి ఉంటుంది. మీ ఆడిటరు గారిని అడిగి వెనక్కి రాబట్టుకో.

ఇక కొరియర్ సంగతి. పోయిన నెల బిల్లులో కొన్ని పార్సిళ్లకి మూడు కిలోల ధర వేశారని మండిపడ్డావు కదా? నేను చూశాను, వాళ్ల లెక్క సరిగానే ఉంది. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చించి 5000తో భాగిస్తారు. వచ్చిన సంఖ్య, నిజమైన బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. నువ్వు వాడిన పాత పెట్టె 30, 25, 20. హెచ్చిస్తే 15,000, అంటే మూడు కిలోలు. లోపల ఉన్నది ఒక్క సీసా, చుట్టూ న్యూస్ పేపరు. 20, 15, 15 పెట్టె అయితే కిలో లోపే. పెట్టె పది రూపాయలు ఆదా చేద్దామని కొరియర్‌కి వంద కట్టావు.

సీవోడీ, అంటే సరుకు అందాక డబ్బు తీసుకునే పద్ధతి, ఆపెయ్. బట్టలు వెనక్కొస్తే మళ్లీ అమ్ముకోవచ్చు. పచ్చడి సీసా పది రోజులు గోడౌన్లో దొర్లి వెనక్కొస్తే ఎవరికి పంపుతావు? పైగా రానూపోనూ ఛార్జీ నీదే. ఒక కొరియర్ వాళ్లు నా సీవోడీ డబ్బు 41,000 రెండు నెలలు ఆపారు. ఆ రెండు నెలలూ కూలీలకి నా చేతి గాజు తాకట్టు పెట్టి ఇచ్చాను. ఎవరైనా పేమెంట్ స్క్రీన్‌షాట్ పంపితే, బ్యాంకు మెసేజ్ చూశాకే సీసా కట్టు.

లాభం పెంచాలంటే ధర పెంచక్కర్లేదు. మూడు సీసాల ప్యాక్ 1,050కి పెట్టు. పెట్టె ఒకటే, ప్రకటన ఖర్చు ఒకటే, కొరియర్ 130లో పోతుంది. అన్నీ తీసి, కారిన సీసాల నష్టం కూడా తీసి చూశాను, దాదాపు 350 మిగులుతోంది. విడివిడిగా మూడు అమ్మితే 162. ఇంకో సంగతి, నీ దగ్గర ఒకసారి కొన్నవాళ్లకి మళ్లీ ప్రకటన అక్కర్లేదు. వాళ్ల నంబర్లన్నీ ఒక పుస్తకంలో రాసుకుని, కొత్త పచ్చడి పెట్టినప్పుడు నువ్వే మెసేజ్ పెట్టు. సీసాకి 40 అక్కడే మిగులుతుంది.

డల్లాస్ నుంచి ఎవరో ఇరవై సీసాలు అడుగుతున్నారన్నావు. తొందరపడి ధర చెప్పకు. చిన్న పార్సిళ్లకి 800 డాలర్ల దాకా ఉన్న సుంకం మినహాయింపుని అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి తీసేసింది. ఆ సుంకం ఎవరు కట్టాలో ముందే మాట్లాడుకుని, కొరియర్ వాళ్లని అడిగి, అప్పుడు చెప్పు.

గది విషయం జూన్‌లో మళ్లీ మాట్లాడుకుందాం. ప్యాక్‌లు నెలకి ముప్ఫై దాకా వెళ్తుంటే, వేసవి కాయ అప్పు లేకుండా కొనగలిగితే, నేనే వచ్చి గది చూసి అడ్వాన్స్ ఇస్తాను. ఈలోపు మీ పెదనాన్న సంచుల్లో ఒకటి ఉతికి, కిలో మెంతికారంతో పాటు బస్సు పార్సిల్లో వేశాను. బిల్లులన్నీ అందులో వేసుకో. సోమవారం మొదటిసారి డబ్బు మార్చాక ఎంతయిందో ఫోన్ చేసి చెప్పు, నేను నా పుస్తకంలో కూడా రాసుకుంటాను.

మీ అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
పెద్దమ్మ