పన్ను పైకొచ్చింది, వేరు ఇంకా కట్టాలి

పళ్ళ డాక్టరును అడగండి

ఈసారి నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటికి మూలం ఒకటే: పళ్ళ వేర్లు. చిగురు పైన మెరిసేదాని గురించి టీవీ ప్రకటనలు ఎటూ చెబుతూనే ఉంటాయి కాబట్టి, ఈ పేజీ మొత్తం చిగురు కిందికే ఇచ్చేద్దాం.

ప్రశ్న: మావాడికి ఏడేళ్ళు. పోయిన వారం కింద ముందు పన్ను ఊడింది. తీరా చూస్తే దానికి వేరన్నదే లేదు, అడుగున గరుగ్గా గుంట పడినట్టుంది. వేరు లోపలే ఉండిపోయింది, చీము పడుతుంది, తీయించమని మా అత్తగారు ఒకటే పోరు. తీసుకురావాలా?
ఒక అమ్మ, కావలి

జవాబు: అక్కర్లేదమ్మా. వేరు లోపల ఉండిపోలేదు, కరిగిపోయింది. కింద నుంచి శాశ్వత దంతం పైకి జరిగేటప్పుడు ఓడోంటోక్లాస్టులు అనే కణాలు పుట్టి పాల పన్ను వేరును కొస నుంచి కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ వస్తాయి. అది పూర్తయ్యేసరికి పన్నును పట్టి ఉంచేది చిగురు తప్ప ఏమీ మిగలదు, అన్నం తింటుంటేనో నాలుకతో తోస్తేనో ఊడొచ్చేస్తుంది. వేరు విరిగి ఉంటే అంచు పదునుగా ఉండేది. మీరు రాసిన గరుకు కరిగినదానికి గుర్తు, ఆ పన్ను పారేయకపోతే అత్తగారికి చూపించండి. పొడుగాటి వేరుతో సహా పాల పన్ను ఊడొచ్చిందంటే అప్పుడు ఆలోచించాలి, దెబ్బ తగిలో ఇంకేదో కారణంగానో వేళ కాకముందే వచ్చిందన్నమాట. అలాగే పాల పన్ను గట్టిగా ఉండగానే దాని వెనక కొత్త పన్ను తొంగి చూస్తుంటే ఒకసారి చూపించండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను ఒంగోల్లో డిగ్రీ రెండో సంవత్సరం, జువాలజీ. పన్ను పైభాగం ముందు తయారవుతుంది, వేరు తర్వాత వస్తుంది అని చదివాను. మరి వేరు మొదలుపెట్టమని ఎవరు చెప్తారు? ఒకదానికి ఒక వేరు, ఇంకోదానికి మూడు ఎట్టా వస్తాయి? వేరు పెరుగుతూ కింద నుంచి తోస్తేనేనా పన్ను పైకొచ్చేది?
ఒక విద్యార్థి

జవాబు: చివరి ప్రశ్న ముందు చూద్దాం నాయనా, ఎందుకంటే చాలామంది అట్టాగే అనుకుంటారు, చూస్తే అట్టాగే అనిపిస్తుంది కూడా. కానీ వేర్లు సరిగా రాని పళ్ళు కూడా పైకి రావడం డాక్టర్లు చూశారు. 1984లో మార్క్స్, కాహిల్ అనే ఇద్దరు కుక్కల్లో ఒక ప్రయోగం చేశారు. దవడలో ఉన్న పన్నును తీసేసి, దాని చుట్టూ ఉండే సంచిని మాత్రం అలాగే ఉంచి, లోపల లోహంతో చేసిన నకలు పెట్టారు. ఆ నకలు కూడా పైకొచ్చింది! వేరు లేదు, ప్రాణం లేదు, అయినా వచ్చింది. దారి తెరిచేది ఆ సంచే. డెంటల్ ఫాలికిల్ అంటారు, దాని పేరు గుర్తుపెట్టుకో, ఈ కథలో అసలు పని దానిదే.

ఇక వేరు సంగతి. పన్ను పైన తెల్లగా, గట్టిగా ఉండే ఎనామెల్‌ను తయారుచేసే పొర గంట ఆకారంలో ఉంటుంది, గంట అంచు దగ్గర దాని లోపలి వరస, బయటి వరస కలుస్తాయి. పైభాగానికి ఎనామెల్ వేయడం అయిపోయాక ఆ అంచు కిందికి సాగుతుంది. దీన్ని 1874లో ఆస్కార్ హెర్ట్‌విగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఉభయచరాల్లో చూసి రాశాడు, అందుకే హెర్ట్‌విగ్ తొడుగు అంటాం. వేరు ఎంత పొడుగు, ఎటు వంపు, ఎంత లావు అన్నది ఈ తొడుగే తేలుస్తుంది. దాని లోపలి వైపున్న కణాలు దీని నుంచి సంకేతం అందుకుని ఓడోంటోబ్లాస్టులుగా మారి డెంటిన్, అంటే పన్ను లోపలి గట్టి పదార్థం, పోయడం మొదలుపెడతాయి. స్లాబుకి కొట్టిన సెంట్రింగ్ చూశావుగా, స్లాబు గట్టిపడ్డాక దాన్ని విప్పేస్తారు. ఇక్కడా అంతే, కొంత డెంటిన్ పడగానే తొడుగు చిల్లులు పడి చెదిరిపోతుంది.

ఆ చిల్లుల్లోంచి, ఇందాక చెప్పిన సంచి కణాలు లోపలికి వచ్చి కొత్త డెంటిన్‌ను తాకుతాయి. నాకు ఈ మొత్తంలో బాగా నచ్చేది ఇదే. తాకినవి సిమెంటోబ్లాస్టులై వేరు మీద సిమెంటం అనే పల్చటి పొర వేస్తాయి, మధ్యలో ఉన్నవి నారలు అల్లుతాయి, బయటి వైపున్నవి పన్ను గూటికి ఎముక కడతాయి. నారల ఒక కొస సిమెంటంలో, రెండో కొస ఎముకలో దిగబడిపోతుంది. ఈ నారల పొరే పెరియోడాంటల్ లిగమెంట్, మందం దాదాపు 0.2 మిల్లీమీటర్లు. కాబట్టి పన్ను ఎముకకు అతుక్కుని లేదు, ఆ సందులో నారల మీద వేలాడుతోంది. గట్టిగా కొరికినప్పుడు అది కాస్త కుంగి మళ్ళీ పైకి రావడం, అన్నంలో చిన్న రాయి వస్తే చటుక్కున తెలియడం, రెండూ ఈ పొర పుణ్యమే.

తొడుగు పూర్తిగా మాయమవదు. కొన్ని కణాల గుంపులు లిగమెంట్‌లో ఉండిపోతాయి, 1885లో ఫ్రాన్స్‌లో మలాసే వీటిని గుర్తించాడు. ఏళ్ళ తర్వాత వేరు కొసన ఇన్‌ఫెక్షన్ చేరితే ఇవే మళ్ళీ పెరిగి సిస్ట్, అంటే నీటి తిత్తి, కట్టొచ్చు.

వేర్లు ఎన్ని అన్నది కూడా తొడుగు చేతిలోనే ఉంది. దాని కింది అంచు లోపలికి వంగుతుంది, ఆ అంచులో రెండు చోట్ల ముందుకు సాగి నడిమిట్లో కలిస్తే రెండు దారులు పడి రెండు వేర్లు వస్తాయి, మూడు చోట్ల సాగి కలిస్తే మూడు వస్తాయి. నమిలే పెద్ద పళ్ళలో, అంటే దవడ పళ్ళలో, కిందివాటికి మామూలుగా రెండు, పైవాటికి మూడు. మరి మొదలుపెట్టమని ఎవరు చెప్తారన్నావు. ఒక్కరు కాదు, తొడుగుకీ లోపలి కణాలకీ మధ్య రెండు వైపులా సంకేతాలు నడుస్తాయి. ఎన్ఎఫ్ఐసి అనే జన్యువును పనిచేయకుండా చేసిన ఎలుకల్లో దవడ పళ్ళకు పైభాగం వచ్చింది గానీ వేర్లు రాలేదని 2003లో తేలింది. పైభాగానికి, వేరుకి ఆజ్ఞలు కొంతవరకు వేరువేరని దీన్నిబట్టి చెప్పొచ్చు. పరీక్షలో ఇంత రాస్తే చాలు, ఎక్కువ రాస్తే మీ సార్‌కి దిద్దే ఓపిక ఉండదు.

ప్రశ్న: మా పాపకి ఎనిమిదేళ్ళు. బళ్ళో పరుగెత్తుతూ పడి పై ముందు పన్ను విరిగింది, మధ్యలో ఎర్ర చుక్క కనిపించింది. మా ఊరి డాక్టరు గారు కొంచెం తీసి, మందు పెట్టి మూసేసి, అప్పుడప్పుడూ ఎక్స్‌రే తీద్దామన్నారు. మా బావమరిదేమో రూట్ కెనాల్ చేయించి క్యాప్ వేయించేస్తే పీడా వదిలిపోతుందంటాడు. ఒకటే టెన్షన్‌గా ఉంది.
ఒక తండ్రి, కందుకూరు

జవాబు: బావమరిది గారు పెద్దవాళ్ళ పన్ను లెక్క చెప్తున్నారు. పాపది ఇంకా పూర్తికాని పన్ను. పై ముందు పళ్ళు ఏడెనిమిదేళ్ళకు బయటికొస్తాయి, వాటి వేరు పూర్తయ్యేది పదో ఏడు దరిదాపుల్లో. ఏ శాశ్వత దంతమైనా అంతే, చిగురు చీల్చుకుని వచ్చాక వేరు కొస మూసుకోవడానికి ఇంకో రెండు మూడేళ్ళు పడుతుంది. అప్పటిదాకా కొస తెరుచుకునే ఉంటుంది, వేరు గోడలు పల్చగా ఉంటాయి. ఆ గోడల్ని మందం చేసేది పన్ను లోపలుండే మెత్తటి పల్ప్‌లోని కణాలు. రూట్ కెనాల్ అంటే ఆ పల్ప్‌నే తీసేయడం. ఇప్పుడు తీసేస్తే వేరు ఉన్నకాడికి ఆగిపోతుంది, రేపు చిన్న దెబ్బకే చిగురు దగ్గర పుటుక్కున విరుగుతుంది.

మీ డాక్టరు గారు చేసింది పైపైన దెబ్బతిన్న కొద్దిపాటి పల్ప్ మాత్రం తీసి, మిగతాది బతికించడం. 1978లో స్వెక్ అనే డాక్టరు ఫలితాలు ప్రచురించినప్పటి నుంచి నమ్మకంగా నడుస్తున్న పద్ధతి ఇది. అప్పట్లో కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టేవారు, ఇప్పుడు ఎక్కువగా ఎంటీఏ. అది ఇల్లు కట్టే పోర్ట్‌లాండ్ సిమెంటుకు దగ్గరి చుట్టమే, శుద్ధి చేసి పళ్ళకు పనికొచ్చేలా తయారుచేస్తారు. ఎక్స్‌రేల తేదీలు మాత్రం తప్పించొద్దు, నొప్పి లేదు కదా అని మానేసేవాళ్ళే ఎక్కువ. పన్ను నల్లబడినా, చిగురు మీద పొక్కు లేచినా, రాత్రిళ్ళు నొప్పని ఏడ్చినా తేదీ కోసం ఆగకుండా వెళ్ళండి. ఒకవేళ పల్ప్ చచ్చిపోయినా తెరిచి ఉన్న కొసకు వేరే వైద్యం ఉంది, కంగారుపడొద్దు.

అడగకపోయినా ఇంకొకటి చెప్తాను, ఇది పాప బళ్ళో టీచర్లకు కూడా చెప్పండి. శాశ్వత దంతం వేరుతో సహా ఊడి నేలమీద పడితే దాన్ని తెల్లటి పైభాగం పట్టుకునే తీయాలి. వేరును ముట్టుకోకూడదు, గుడ్డతో తుడవకూడదు, సబ్బు, డెట్టాల్ అసలే వద్దు. మట్టి ఉంటే పాలతోనో, లేకపోతే కొళాయి నీళ్ళ కిందో కొద్ది క్షణాలు కడిగి, బిడ్డ స్పృహలో ఉంటే అక్కడికక్కడే గూట్లో పెట్టేసి, శుభ్రమైన చేతిరుమాలు కొరికి పట్టుకోమని చెప్పి, డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. పెట్టలేకపోతే చల్లటి పాలల్లో వేయండి, పాల ప్యాకెట్ దొరకని బడ్డీకొట్టు లేదు కదా. కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని తెస్తారు, అక్కడే పని చెడిపోతుంది, ఎందుకంటే వేరును అంటిపెట్టుకుని ఉన్న లిగమెంట్ కణాలు గంటసేపు ఎండితే బతకవు. అవి చస్తే పన్ను పెట్టినా నారలతో పట్టదు, ఎముకే నేరుగా వేరుకు అతుక్కుని మెల్లగా వేరును తినేస్తుంది. పాల పన్ను ఊడితే మాత్రం తిరిగి పెట్టకూడదు, పైన ఉన్న కొత్త పన్ను దెబ్బతింటుంది.

ప్రశ్న: మాది కనిగిరి పక్క పల్లె. నాకూ మా ఆయనకూ పళ్ళ మీద గోధుమ రంగు చారలు. మా బాబుకి రెండేళ్ళు, పాల పళ్ళు తెల్లగానే ఉన్నాయి. వాడికి కూడా రంగు వస్తుందా, వేర్లు కూడా పాడవుతాయా? నీళ్ళు కాచి తాగిస్తున్నాం.

జవాబు: ఆ చారలు మామూలుగా నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చేవి. కాచడం ఆపండమ్మా, అంటే ఫ్లోరైడ్ పోవాలని కాచడం. క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఈ చారలు ఎనామెల్ తయారయ్యే రోజుల్లోనే పడతాయి. మీ బాబు పాల పళ్ళ ఎనామెల్ చాలావరకు మీ కడుపులోనూ, పుట్టిన మొదటి ఏడాదిలోనూ అయిపోయింది. శాశ్వతమైన ముందు పళ్ళ ఎనామెల్ దవడలో ఇప్పుడే తయారవుతోంది, నాలుగైదేళ్ళ దాకా సాగుతుంది, జ్ఞాన దంతాలు తప్ప మిగతా పళ్ళది దాదాపు ఎనిమిదేళ్ళ దాకా. కాబట్టి వాడి పాల పళ్ళు తెల్లగా ఉన్నాయని ధీమా పడొద్దు, నీళ్ళు మార్చాల్సింది ఇప్పుడే. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా పరవాలేదని మన దేశ ప్రమాణం. బోరు నీళ్ళు పరీక్ష చేయించండి, తాగడానికీ వంటకీ ఆర్వో నీళ్ళో, శుభ్రంగా పట్టిన వాన నీళ్ళో వాడండి. వేరుకు ఎనామెల్ ఉండదు కాబట్టి అక్కడ ఈ చారలు పడవు, చారలున్నంత మాత్రాన పళ్ళు ఊడవు. ఇటుక పొడి పెట్టి రుద్దితే ఆ రంగు పోదు, ఎనామెల్ పోతుంది.

ప్రశ్న: వయసు 48, నెల్లూరు. షుగర్ ఉంది. చిగుళ్ళు కిందికి జారి వేర్లు కనిపిస్తున్నాయి, రెండు పళ్ళు కదులుతున్నాయి. క్లీనింగ్ చేయిస్తే ఇంకా వదులవుతాయని భయం. గూడూరు నిమ్మకాయ రసంలో ఉప్పు కలిపి రుద్దుతున్నాను, విటమిన్ సి మంచిదంటారు కదా. పోయిన ఎముక మళ్ళీ వస్తుందా?

జవాబు: నిమ్మకాయ మంచిదే, తాగండి, రుద్దకండి. లిగమెంట్ నారలు అల్లే కొల్లాజెన్ అనే పదార్థం చాలా వేగంగా మారుతూ ఉంటుంది, పాతది పోతూ కొత్తది అల్లుతూ ఉండాలి, ఆ అల్లికకు విటమిన్ సి కావాలి. పూర్వం ఓడల్లో నెలల తరబడి ఉన్న నావికులకు స్కర్వీ వచ్చి పళ్ళు ఊగిపోయేది అందుకే. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు నారింజ, నిమ్మ పళ్ళు ఇచ్చి నయం చేశాడు. కానీ ఇచ్చింది తినడానికి. బయటపడిన వేరు మీద ఎనామెల్ లేదు, ఉన్న సిమెంటం పల్చటిది, దాని మీద పులుపూ ఉప్పూ వేసి రుద్దితే డెంటిన్ బయటపడి చల్లనీళ్ళకే జివ్వుమంటుంది.

మీ పళ్ళను వదులు చేసింది గార, దానికి తోడు అదుపులో లేని షుగర్. గార అడుగున ఎముక ముందే కరిగిపోయి ఉంటుంది, గారే అడ్డంగా నిలబడి గట్టిగా ఉన్నట్టు చూపిస్తుంది. క్లీనింగ్‌లో అది పోగానే అసలు సంగతి బయటపడుతుంది, జనం క్లీనింగ్‌ను తిట్టుకుంటారు. పోయిన ఎముక దానంతటది రాదు. 1980ల నుంచి ఒక పద్ధతి ఉంది, చిగురు కణాలు ముందుగా వేరును చేరకుండా పల్చటి పొర అడ్డుపెట్టి, మిగిలిన లిగమెంట్ కణాలకు మళ్ళీ సిమెంటం, నారలు కట్టుకునే అవకాశం ఇస్తారు. కొన్ని ఆకారాల గుంతలకే ఇది పనికొస్తుంది, మొత్తం తగ్గిపోయిన ఎముకను లేపదు. ముందు షుగర్ దారిలో పెట్టుకోండి, చిగుళ్ళ వైద్యం చేసే డాక్టరుకు చూపించండి. గుట్కా, సిగరెట్ ఉంటే, మీరు రాయలేదు గానీ, అవి మానకుండా ఏం చేసినా డబ్బు దండగే.

ప్రశ్న: క్లిప్పులు వేసి పళ్ళు జరిపితే వేర్లు బలహీనపడతాయా? వయసు 19, ఆత్మకూరు.

జవాబు: జరగడానికి కారణం లిగమెంటే. నొక్కిన వైపు ఎముక కరుగుతుంది, లాగిన వైపు కొత్త ఎముక పడుతుంది, సిమెంటం అంత తేలిగ్గా కరగదు కాబట్టి వేరు నిలబడుతుంది. కొసలు కాస్త అరగడం మామూలే, ఎక్కువ అరగడం కొద్దిమందిలోనే. త్వరగా అవ్వాలని బలంగా బిగించమని అడగకు. తీశాక పళ్ళు మళ్ళీ వెనక్కి జరగకుండా ఇచ్చే రిటైనర్ మాత్రం డాక్టరు చెప్పినన్నాళ్ళూ పెట్టుకో.

ప్రశ్న: పై కోరపన్ను తీయించుకుంటే చూపు తగ్గుతుందా? మా అవ్వ వద్దంటోంది. ఉదయగిరి నుంచి.

జవాబు: తగ్గదు. పై కోరపన్ను వేరు పళ్ళన్నిటిలోకీ పొడుగైనది, కంటి వైపు సాగినట్టుంటుంది, అవ్వ భయం అక్కడ పుట్టిందే. పంటికి వచ్చే నరం, చూపునిచ్చే నరం ఒకటి కావు. పన్ను చీము పట్టి బుగ్గ, కంటి కింద వాచి ఉంటే మాత్రం దాన్ని అలాగే వదిలేయడమే ప్రమాదం, ఈ వారమే వెళ్ళండి.