ఢిల్లీలో ఏఎస్ఓ (అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్)గా చేరబోయే మేనకోడలికి

చిట్టీ,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి ఏడుస్తుంటే హడలిపోయా, ఏమైందే అంటే కేంద్ర ఉద్యోగాల పరీక్ష సీజీఎల్‌లో నీకు ఏఎస్ఓ వచ్చిందంట, ఆ మాట ముందు చెప్పొచ్చుగా! సరే, చాలా సంతోషం. ఇప్పుడేమో ఏ మినిస్ట్రీ ఇస్తారో, అక్కడ పని అర్థమవుతుందో లేదో అని బెజవాడ పటమటలో కూర్చుని బెంగపడుతున్నావని విన్నా. ముప్పై ఏళ్లు ఢిల్లీ మినిస్ట్రీల సెక్షన్లలో కూర్చుని గుంటూరు బ్రాడీపేటకి తిరిగొచ్చినోడిని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా, ట్రైన్‌లో చదువుకో.

కోచింగ్‌లో నీకు పైనుంచి చెప్పుంటారు, రాష్ట్రపతి, ప్రధాని, క్యాబినెట్, రాజ్యాంగంలో 74వ అధికరణ, 75వ అధికరణ, 2003లో వచ్చిన 91వ సవరణ ప్రకారం ప్రధానితో కలిపి మంత్రులు లోక్‌సభలో 15 శాతం దాటకూడదు, అంటే 543కి 81 మంది. అవన్నీ కరెక్టే, కాకపోతే నీ కుర్చీలోంచి చూస్తే ప్రభుత్వం కిందనుంచి మొదలవుతుంది. కాగితం ముందు నీ దగ్గరికే వస్తుంది. మన కలెక్టరేట్‌లో తపాలు అంటారే, దాన్ని అక్కడ డాక్ అంటారు. దాని మీద నువ్వు నోట్ పెడితే, అంటే విషయం, నీ అభిప్రాయం ఫైల్లో రాస్తే, సెక్షన్ ఆఫీసర్ చూస్తారు, ఆయన పైన అండర్ సెక్రటరీ, ఆ పైన డిప్యూటీ సెక్రటరీ గానీ డైరెక్టర్ గానీ, వాళ్లది డివిజన్, ఆ పైన జాయింట్ సెక్రటరీది వింగ్, అందరి పైన డిపార్ట్‌మెంట్‌కి సెక్రటరీ, అప్పుడు మంత్రి. ప్రతి ఫైలూ మంత్రి దాకా పోతుందనుకోకు, చాలావరకు మధ్యలోనే తేలిపోతాయి, ఏది ఎవరి స్థాయిలో తేలాలో ప్రతి డిపార్ట్‌మెంట్‌లో రాసి పెట్టుంటుంది, చేరిన వారంలోనే ఆ కాగితం అడిగి తీసుకో.

నేను మొట్టికాయ తిన్న సంగతి చెప్తా. సర్వీసు కొత్తలో ఒంగోలు వైపు పొగాకు రైతు రాసిన ఉత్తరం ఒకటి నా టేబుల్ మీదకొచ్చింది, వేలంలో రేటు పడిపోయింది, ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్ కట్టెల ఖర్చు కూడా రావట్లేదు అని, తెలుగులోనే, గీతల నోటుబుక్కులోంచి చింపిన కాగితం. మనూరి అక్షరాలు కదా, రెండుసార్లు చదువుకున్నా. చదివి ఏం చేశాను, పది రోజులు దగ్గర పెట్టుకుని, పంట కదా అని పంటల సంగతి చూసే వాళ్లకి పంపేశా. వాళ్లు మాది కాదని తిప్పి పంపారు. మా అండర్ సెక్రటరీ పిలిచి, "మీది ఏ ఊరు?" అన్నారు. గుంటూరు సార్ అన్నా. "మరి టుబాకో బోర్డు హెడ్డాఫీసు ఎక్కడుందో?" అన్నారు. చెప్పుకుంటే సిగ్గు, మా ఊళ్లోనే ఉంది, సైకిల్ మీద దాని ముందునుంచి ఎన్నిసార్లు పోయుంటానో. 1975 చట్టంతో పెట్టిన బోర్డు అది, వర్జీనియా పొగాకు ఎగుమతి సరుకు కాబట్టి కామర్స్ డిపార్ట్‌మెంట్ కింద పెట్టారు, బ్యారన్ రిజిస్ట్రేషన్, వేలం అన్నీ బోర్డు చేతిలోనే. ఆ ఉత్తరం మొదటి రోజే కామర్స్‌కి పోవాల్సింది.

ఆ రోజు నుంచి పొగాకు నాకు పాఠ్యపుస్తకం అయిపోయింది. ఆకు అమ్మకం కామర్స్ వాళ్లది, అదే ఆకు మీద పరిశోధన చేసే రాజమండ్రి సంస్థ ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి)ది, అంటే వ్యవసాయ మంత్రిత్వ శాఖ వైపు, సిగరెట్ మీద పన్ను ఆర్థిక శాఖలోని రెవెన్యూ డిపార్ట్‌మెంట్‌ది, పెట్టె మీద ఆ భయంకరమైన బొమ్మ వేయించేది ఆరోగ్య శాఖ. ఒకరు పెంచాలంటారు, ఇంకొకరు తగ్గించాలంటారు, అందరూ ఒకే ప్రభుత్వం! ఇది చూసి జనం నవ్వుతారు గానీ నాకైతే తప్పనిపించలేదు, ఎవరి పని వాళ్లు గట్టిగా వాదించుకుంటేనే ఫైల్లో అన్ని వైపులా కనబడతాయి.

కాబట్టి ఏ కాగితం వచ్చినా ఏం చెయ్యాలి అనేదానికంటే ముందు ఇది ఎవరిది అని చూడు. దానికి 1961 నాటి అలొకేషన్ ఆఫ్ బిజినెస్ రూల్స్ ఉన్నాయి, ఏ సబ్జెక్టు ఏ డిపార్ట్‌మెంట్‌దో అందులో ఉంటుంది, కొత్త శాఖ పుట్టినా, పాతవి కలిసినా దాన్ని సవరిస్తారు, 2019లో జలశక్తి వచ్చినప్పుడు, 2021లో సహకార శాఖ విడిగా పెట్టినప్పుడు అలాగే మార్చారు, పాత ప్రింటవుట్ పట్టుకుని కూర్చోకు. మినిస్ట్రీ, డిపార్ట్‌మెంట్ ఒకటే అనుకోకు కూడా, ఆర్థిక శాఖ ఒక్కదాంట్లోనే ఆరు డిపార్ట్‌మెంట్లు. ఆ 1961లోనే వచ్చిన ట్రాన్సాక్షన్ ఆఫ్ బిజినెస్ రూల్స్ చూస్తే ఎవర్ని అడక్కుండా ముందుకి పోకూడదో తెలుస్తుంది, డిపార్ట్‌మెంట్‌కి ముందే ఇచ్చిన అధికారాలు దాటి డబ్బు ఖర్చయ్యేదానికి ఆర్థిక శాఖ వైపు చూడాల్సిందే. రెండు శాఖలకి పడకపోతే అది క్యాబినెట్ దాకా పోతుంది, అందాకా రానివ్వకుండా ఫోన్ చేసి మాట్లాడుకోవడమే సగం ఉద్యోగం. హిందీ కాస్త నేర్చుకో, అందుకే.

నోట్ రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త. మా రోజుల్లో ఆకుపచ్చ కాగితం, ఇప్పుడు ఈ-ఆఫీస్‌లో స్క్రీన్ మీద, ఏదైనా నువ్వు రాసింది చెరిగిపోదు. 2005 ఆర్టీఐ వచ్చాక పదిరూపాయలు కట్టి ఎవరైనా నోటింగ్స్, అంటే ఫైల్లో మనం రాసిన నోట్లు, అడగొచ్చు. పక్క శాఖ మీద కోపమొస్తే క్యాంటీన్‌లో టీ తాగి చల్లారాక రాయి. ముందు విషయం, తర్వాత రూలు, ఇదివరకు ఇలాంటిది ఎలా తేల్చారో, చివర్లో నువ్వేం అనుకుంటున్నావో. ఆ చివరిది మానెయ్యకు, 'ఆదేశాల కోసం' అని తోసేసేవాళ్లు చాలామంది ఉంటారు, నీ అభిప్రాయం కొట్టేసినా పర్లేదు, పెట్టు. ఆర్డరు బయటికి పోయేటప్పుడు రాష్ట్రపతి పేరు మీద పోతుంది, 77వ అధికరణ, కింద సంతకం అండర్ సెక్రటరీ లేదా ఆ పైవాళ్లది. డ్రాఫ్ట్ మాత్రం నీదే, మొదటిసారి ఆ లైను టైప్ చేసినప్పుడు చెయ్యి వణుకుతుంది చూడు.

గోంగూర పచ్చడి సీసా ఒకటి ఎక్కువ పట్టుకెళ్లు, సెక్షన్‌లో మొదటి వారంలోనే అయిపోతుంది. అలాట్‌మెంట్ రాగానే డిపార్ట్‌మెంట్ పేరు, ఏ సెక్షనో నాకు మెసేజ్ పెట్టు, దాని కింద ఏ బోర్డులు, ఏ ఆఫీసులు ఉన్నాయో, వాటిల్లో మన గుంటూరు, బెజవాడల్లో ఉన్నవేవో ఇద్దరం ఒక ఆదివారం కూర్చుని రాద్దాం.

మీ మావయ్య