నర్సరీ గుంటలో నానో సిల్వర్: ఎన్ని నీళ్లకు ఎంత వెండి?

ప్రశ్న: మాది దుగ్గిరాల మండలం. రెండెకరాల చేపల చెరువు, పక్కనే పది సెంట్ల నర్సరీ గుంట ఉన్నాయి. నిరుడు చెరువులో చేపలకు ఎర్ర మచ్చలు వస్తే డీలర్ చెప్పిన నానో సిల్వర్ మందు 5 లీటర్లు కలిపాను, ఇబ్బందేమీ రాలేదు. ఈసారి గుంటకు కాలవ నీళ్లు పెట్టి శీలావతి స్పాన్ (గుడ్డు నుంచి కొత్తగా వచ్చిన చేప పిల్లలు) వదిలాను. పిల్లలు నీరసంగా ఉన్నాయని అదే మందు 5 లీటర్లు పోశాను. రెండు రోజుల్లో నీటి కలర్ పడిపోయి అడుగు కనిపిస్తోంది. మధ్యాహ్నం కూడా పిల్లలు పైకి తేలి చనిపోతున్నాయి. సీసా మీద 1000 పీపీఎం అని ఉంది. మందు కల్తీదా?

జవాబు: కల్తీది అయ్యుంటేనే మీ పిల్లలు బతికేవేమో. సీసా మీద ఉన్నది నిజమని నమ్మి లెక్క వేద్దాం. 1000 పీపీఎం అంటే లీటరు మందులో ఒక గ్రాము వెండి. 5 లీటర్లకు 5 గ్రాములు. మీ రెండెకరాల చెరువులో ఐదడుగుల నీరుంటే సుమారు కోటీ 23 లక్షల లీటర్లు, అంటే లీటరుకు అర మైక్రోగ్రాము (గ్రాములో పది లక్షల వంతు ఒక మైక్రోగ్రాము) కూడా పడలేదు. పది సెంట్ల గుంటలో మూడడుగుల నీరంటే 3 లక్షల 70 వేల లీటర్లే. అక్కడ లీటరుకు 13 మైక్రోగ్రాములు దాటింది. అదే మందు, అదే డబ్బా, మోతాదు మాత్రం ముప్పై రెట్లకు పైనే.

13 మైక్రోగ్రాములు ఏపాటి అనిపిస్తుంది. కఠినత్వం (నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు) లీటరుకు 100 మిల్లీగ్రాములున్న మంచినీటిలో కరిగిన వెండి 3.2 మైక్రోగ్రాములు దాటకూడదని అమెరికా పర్యావరణ సంస్థ ప్రమాణం. నీరు మెత్తనిదైతే, అంటే కఠినత్వం తక్కువైతే, ఆ పరిమితి ఇంకా తగ్గుతుంది. బోరు నీళ్లతో పోలిస్తే వరద రోజుల్లో కాలవలో వచ్చే నీళ్లు సాధారణంగా మెత్తనివి, అందులో ఉప్పు కూడా తక్కువే. ఉప్పులోని క్లోరైడ్ వెండిని పట్టుకుని కొంతవరకు విషం తగ్గిస్తుంది. మీ గుంటకు ఆ కాపు కూడా లేకపోయింది.

నానో అంటే 1 నుంచి 100 నానోమీటర్ల రేణువులు. ఇంత సన్నగా ఉంటే పైభాగం చాలా ఎక్కువ కాబట్టి వెండి అయాన్లు (నీటిలో కరిగిన వెండి) త్వరగా బయటికొస్తాయి. చేప మొప్పలు నీటిలోంచి సోడియం పీల్చుకునే పంపును ఈ అయాన్లు ఆపేస్తాయి. ఒంట్లో ఉప్పు తగ్గి పిల్ల డీలాపడుతుంది. కొన్ని రేణువులు మొప్పల మీదే అంటుకుని జిగురు పెంచుతాయి. ఆక్సిజన్ తక్కువై తేలే చేపలు సాధారణంగా ఎండ ఎక్కితే కిందికి పోతాయి. మీవి మధ్యాహ్నం కూడా తేలుతున్నాయంటే మొప్పల మీదే నా అనుమానం. అమ్మోనియా కూడా ఒకసారి చూపించుకోండి.

నీరు తేటపడటం ఇంకా పెద్ద సూచన. నాచు కణాలు, డాఫ్నియా లాంటి నీటి పురుగులు చేపల కంటే ముందే చస్తాయి. డాఫ్నియాకు లీటరుకు కొద్ది మైక్రోగ్రాముల వెండి చాలు. స్పాన్‌కు తిండి అవే. విషాన్ని తట్టుకున్న పిల్లలు తర్వాత ఆకలితో పోతాయి.

ముందు బతికిన పిల్లల్ని పెద్ద చెరువులో హాపా (సన్న వలతో కట్టిన తొట్టి) కట్టి అందులోకి మార్చండి. నీళ్లు సరిపడేలా నెమ్మదిగా అలవాటు చేయాలి. గుంట నీటిని కాలవలోకి తోడొద్దు, అక్కడే నిలవనివ్వండి. అడుగు బురదలోని గంధకంతో వెండి కలిసి చాలావరకు నిరపాయంగా మారుతుంది. కంగారులో సున్నం పోయకండి, పీహెచ్ పెరిగితే అమ్మోనియా ఇంకా చెరుపు చేస్తుంది. మిగిలిన మందు, సీసా, ఒక లీటరు గుంట నీరు దాచండి. విజయవాడలో ఉన్న సిఫా (కేంద్ర మంచినీటి చేపల పెంపకం పరిశోధన సంస్థ) ప్రాంతీయ కేంద్రంలో చూపించవచ్చు.

మళ్లీ స్పాన్ వదిలే ముందు పెద్ద చెరువు ఆకుపచ్చ నీళ్లు కొన్ని గుంటలోకి పెట్టి, 15 కిలోల వేరుశనగ చెక్క, 4 కిలోల పేడ, కిలో సూపర్ ఫాస్ఫేట్ నానబెట్టి చల్లండి. ఇది హెక్టారుకు 750, 200, 50 కిలోల సిఫారసులో మీ గుంట వాటాకు సగం. రెండు మూడు రోజుల్లో పురుగు కనిపించాలి. తర్వాత హాపాలో వంద పిల్లలు వదిలి రెండు రోజులు చూడండి. అవి బతికితేనే మిగతా స్పాన్ కొనండి.

నీరసంగా ఉన్న పిల్లలకు మందెందుకు పోశారన్నది నా ఫిర్యాదు. నాలుగు పిల్లల్ని మైక్రోస్కోప్ కింద పెడితే పేను, పరాన్నజీవి, తిండి లేమి ఏదో తేలేది. మచ్చల రోగానికైతే సిఫా వాళ్ల సిఫాక్స్ మందు ఉంది, హెక్టారు చెరువులో మీటరు లోతు నీటికి ఒక లీటరు. అదీ రోగం నిర్ధారించాకే.

పక్క రైతు పొలంలో నానో యూరియా కొడుతున్నా ఇదే భయమా అని చాలామంది అడుగుతారు. అందులో లోహం లేదు, ఈ లెక్క దానికి వర్తించదు. నానో జింక్, నానో కాపర్ కొట్టేవాళ్లకు మాత్రం చెప్పండి, స్ప్రేయర్ ట్యాంకు కడిగిన నీళ్లు నర్సరీ గట్టు మీద ఒంపొద్దని.